పొట్టి అడ్వెంచర్ గేమ్‌లు, పాత పిక్సెల్ బొమ్మలు: ఈ ఆకర్షణకు అసలు కారణం ఏమిటి?

పాతమౌస్ రాశారు:

మిత్రులకు నమస్కారం. ఈ మధ్య ‘ద షివా’ అనే చిన్న పాయింట్ అండ్ క్లిక్ (తెర మీద మౌస్‌తో నొక్కుతూ కథ నడిపే) ఆటను పూర్తి చేశాను. న్యూయార్క్‌లో భక్తుల రాక తగ్గిపోయి మూతపడే స్థితికి చేరిన ఒక యూదు ప్రార్థనా మందిరం, అందులో విశ్వాసం సడలుతున్న రసెల్ స్టోన్ అనే రబ్బీ, అంటే యూదు మతగురువు. ఒకప్పుడు తనతో విభేదించి వెళ్లిపోయిన మనిషి హత్యకు గురయ్యాడనీ, పెద్ద మొత్తాన్ని తన పేరిటే రాసి పోయాడనీ పోలీసులు వచ్చి చెప్పడంతో కథ మొదలవుతుంది. నెల రోజుల్లో ఆట తయారు చేయాలనే పోటీ కోసం డేవ్ గిల్బర్ట్ 2006లో దీన్ని రూపొందించారు. గదులు కొన్నే, వస్తువులు ఇంకా తక్కువ, మొత్తం ఆట దాదాపు రెండు గంటల్లో ముగుస్తుంది. సంభాషణల్లో ఏ ధోరణిలో మాట్లాడాలో మనం ఎంచుకోవాలి. ప్రశ్నకు ప్రశ్నతోనే జవాబిచ్చే రబ్బీల పద్ధతి ఆ ఎంపికల్లో ఒకటి, చివరి ఘర్షణలో ఆ పద్ధతే ఆయుధమవుతుంది. నలభై గంటల పెద్ద ఆటలు నా మనసులో మిగల్చనిది ఈ చిన్న ఆట మిగిల్చింది.

ఇలాంటి ఆటల ప్రస్తావన వచ్చినప్పుడల్లా ‘చిన్ననాటి జ్ఞాపకాలు’ అనే జవాబు వినిపిస్తుంది. 1990 ప్రాంతంలో అమెరికాలోనో జర్మనీలోనో పెరిగినవారి విషయంలో అది నిజం కావచ్చు. కానీ ‘లూమ్’, ‘ద సీక్రెట్ ఆఫ్ మంకీ ఐలండ్’ విడుదలైన 1990లో మా ఊళ్లో ఎవరి ఇంట్లోనూ కంప్యూటర్ లేదు. నేను ఈ ఆటలన్నిటినీ పెద్దయ్యాకే, తొలిసారిగా ఆడాను. జ్ఞాపకమే లేని చోట ఈ ఆకర్షణ ఎక్కడి నుంచి వస్తున్నదో మీ అందరి ఆలోచన తెలుసుకోవాలని ఈ చర్చ ప్రారంభిస్తున్నాను.

రంగులపలక రాశారు:

పాతమౌస్ గారూ, నేను బొమ్మలు వేసే వ్యక్తిని కనుక అటువైపు నుంచి చెబుతాను. ఆనాటి ఆటల తెర 320 పిక్సెళ్ల వెడల్పు, 200 పిక్సెళ్ల ఎత్తు. అంటే తెర మొత్తం మీద 64,000 చుక్కలు. ఈనాటి మామూలు 1920 × 1080 తెర మీద ఉన్నవి 20,73,600, అంటే 32 రెట్లకు పైగా. ఆ కొద్ది చుక్కల్లో ఒక మనిషి ముఖానికి దక్కేవి ఏ పది పదిహేనో. వాటితో కన్నీటిని గీయడం సాధ్యం కాదు కనుక చిత్రకారుడు భుజాలు వంచి, తల దించి, నడక నెమ్మదింపజేసి దుఃఖాన్ని సూచిస్తాడు. మిగిలినదంతా ఆటగాడు ఊహించుకుంటాడు, అలా ఊహించుకున్న ముఖం అతనికి మాత్రమే సొంతమవుతుంది.

‘లూమ్’ తొలి రూపం ఈజీఏ అనే ఆనాటి 16 రంగుల తెర కోసం తయారైంది. ఆ 16 రంగులు ఎంత పచ్చిగా, కళ్లకు గుచ్చుకునేలా ఉంటాయో చూసినవారికి తెలుసు. చిత్రకారుడు మార్క్ ఫెరారీ రెండేసి రంగుల చుక్కలను పక్కపక్కన గళ్లుగా పేర్చి, దూరం నుంచి చూసినప్పుడు లేని మూడో రంగు కనబడేలా ఆ ఆటలోని రాత్రి ఆకాశాలను, నీలి లోయలను గీశారు. తర్వాత 256 రంగుల రూపం వచ్చింది, కానీ నాకు 16 రంగుల రూపమే ఎక్కువ ఇష్టం. ఆ పరిమితిలో ప్రతి చుక్క వెనుకా ఒక నిర్ణయం ఉంది, ఆ నిర్ణయాలు తెర మీద కనబడుతూనే ఉంటాయి. ఈ రోజుల్లో ఎవరైనా కోరి ఆ పరిమితిని ఎంచుకుంటే దాన్ని గతం మీద మోజుగా మాత్రమే చూడటం సరికాదని నా అభిప్రాయం. తైలవర్ణాలు అందుబాటులో ఉన్నా చెక్క మీద చెక్కి అచ్చు తీసే కళాకారులు ఈనాటికీ ఉన్నారు.

నేరుమాట రాశారు:

రంగులపలక గారి మాటల్లోని ప్రేమను గౌరవిస్తూనే విభేదిస్తున్నాను. పాత తరహా అంటే పాత అందాలు మాత్రమే కాదు, పాత లోపాలు కూడా. గచ్చు రంగులోనే ఉన్న నాలుగు చుక్కల తాళంచెవి కోసం తెరంతా మౌస్‌తో గాలించడం ఆట అనిపించుకోదు. పజిళ్ల తర్కం సంగతి మరీ విచారకరం. 1999లో వచ్చిన ‘గేబ్రియెల్ నైట్ 3’లో మోటారు సైకిల్ అద్దెకు తీసుకోవడానికి నాయకుడు తన స్నేహితుడి వేషం వేసుకోవాలి. అందుకోసం గోడౌన్ తలుపు కన్నానికి టేపు అంటించి, అందులోంచి దూరిన పిల్లి వెంట్రుకలు సేకరించి, తీపి పాకంతో అతికించి మీసం తయారు చేయాలి. ఆ స్నేహితుడికి మీసమే లేదు. కనుక అతని పాస్‌పోర్టులోని ఫొటో మీద కూడా మీసం గీయాలి! ఇటువంటి రూపకల్పనే ఈ ఆటలను జనానికి దూరం చేసిందని అప్పట్లోనే విమర్శలు వచ్చాయి, వాటిలో న్యాయం ఉంది.

రెండో అభ్యంతరం ధర గురించి. రెండు గంటల ఆటకు డబ్బు పెట్టమని ఒక విద్యార్థికి ఎలా సలహా ఇస్తాం?

మూడోగది రాశారు:

నేరుమాట గారూ, మీరు చూపిన లోపాలు నిజమైనవే. వాటికి మందు పొట్టిదనంలోనే ఉందని నా వాదన. చిన్న లెక్క చూడండి. చేతిలో 12 వస్తువులు, తిరగడానికి వీలున్న గదుల్లో 60 హాట్‌స్పాట్లు (క్లిక్ చేయదగిన చోట్లు) ఉన్నాయనుకుందాం. వస్తువును హాట్‌స్పాట్ మీద వాడే మార్గాలు 720, వస్తువులను తమలో తాము కలిపే మార్గాలు 66. మొత్తం 786 అవకాశాల మధ్య చిక్కుకున్న ఆటగాడు ఆలోచించడం మానేసి ప్రతిదాన్నీ ప్రతిదాని మీదా రుద్దడం మొదలుపెడతాడు. అదే నాలుగు వస్తువులు, 15 హాట్‌స్పాట్లు ఉన్న చిన్న ఆటలో మొత్తం అవకాశాలు 66. ఆ ప్రపంచమంతా ఒకేసారి తలలో ఇమిడిపోతుంది. కంప్యూటర్ కట్టేసి అన్నం తింటున్నా, బస్సులో కూర్చున్నా ఆ మూడు గదుల్లో మనసుతో తిరిగి, ‘ఆ చీటీని అతనికి చూపించలేదు కదా’ అని తట్టే అవకాశం ఉంటుంది. నన్ను ఈ ఆటలకు కట్టిపడేసింది ఆ తట్టే క్షణమే. పెద్ద ఆటల్లో అది కలగదని అనను కానీ, ఎక్కువగా అదృష్టం మీద ఆధారపడుతుంది.

మరో సంగతి. సియెర్రా సంస్థ 1990లో విడుదల చేసిన ‘కింగ్స్ క్వెస్ట్ 5’లో పిల్లి తరుముతున్న ఎలుకను ఆ కొద్ది క్షణాల్లో కాపాడకపోతే, చాలా సేపటి తర్వాత సత్రం నేలమాళిగలో కట్లు కొరికే ఎలుక రాదు, ఆట అక్కడితో ఆగిపోతుంది. ఆకలి వేసినప్పుడు మిఠాయి రొట్టెను తినేస్తే, తర్వాత మంచు మనిషి ముఖాన కొట్టడానికి ఏమీ మిగలదు. తప్పు ఎక్కడ జరిగిందో ఆట చెప్పదు. లూకాస్‌ఫిల్మ్ గేమ్స్‌లో పనిచేసిన రాన్ గిల్బర్ట్ ఈ ధోరణిని విమర్శిస్తూ 1989లో ఒక వ్యాసం రాశారు. ఆటగాణ్ణి తెలియకుండా దారి మూసుకుపోయే స్థితిలోకి నెట్టకూడదనీ, తాళం కనబడక ముందే తాళంచెవి ఇచ్చే తలకిందుల పజిళ్లు పెట్టకూడదనీ అందులో వాదించారు. మరుసటి ఏడాది వచ్చిన ‘మంకీ ఐలండ్’లో ఆ సూత్రాలను ఆచరించి చూపారు. ఈనాటి చిన్న ఆటల రూపకర్తల్లో చాలామంది బొమ్మల్లో ఆ కాలాన్ని అనుసరిస్తున్నా, పజిళ్ల విషయంలో ఈ వ్యాసాన్నే అనుసరిస్తున్నారు. పాతదనంలో ఏది నిలుపుకోవాలో ఏది వదలాలో వాళ్లు జాగ్రత్తగా ఎంచుకుంటున్నారు.

ఇక ‘లూమ్’. బ్రయాన్ మొరియార్టీ రూపొందించిన ఈ ఆటలో ఇన్వెంటరీ (సేకరించిన వస్తువుల సంచి) లేదు, ‘తెరువు’, ‘లాగు’ వంటి క్రియల పట్టికా లేదు. నేతగాళ్ల సంఘంలో పుట్టిన బాబిన్ చేతిలో నూలు వడికేటప్పుడు వాడే ఒక కర్ర మాత్రమే ఉంటుంది. దాని మీద నాలుగు స్వరాల వరుస పలికిస్తే మంత్రం పని చేస్తుంది. ఒక వరుస తెరిచేది అయితే, అదే వరుసను వెనక నుంచి ముందుకు పలికిస్తే మూసేది అవుతుంది. మెలిపెట్టే మంత్రాన్ని తిరగేసి పలికిస్తే సముద్రం మీద సుడి తిరుగుతున్న నీటి స్తంభం విప్పుకుపోతుంది. ఆ ఉపాయం ఎవరూ చెప్పకుండా తమంతట తాము కనిపెట్టినవారికి ఆ ఆట జీవితాంతం గుర్తుంటుంది. విడుదలైనప్పుడు మరీ పొట్టిగా, సులువుగా ఉందని కొందరు సమీక్షకులు పెదవి విరిచారు. ముప్పై ఏళ్లు దాటినా మనం ఇక్కడ దాని గురించే మాట్లాడుకుంటున్నాం.

సెంటర్‌కుర్రాడు రాశారు:

పాతమౌస్ గారి ప్రశ్నకు నాది కొంచెం వేరే జవాబు. మనకు జ్ఞాపకం లేదనడం పూర్తిగా సరికాదేమో. మన తరానికి 1990 నాటి ఫ్లాపీలు లేకపోయినా 2004 తర్వాతి ఇంటర్నెట్ సెంటర్లు ఉన్నాయి. గంటకు ఇంత అని డబ్బు కట్టి, బ్రౌజర్‌లో ఫ్లాష్ అనే అడోబీ ప్రోగ్రామ్‌తో నడిచే ఆటలు ఆడుకున్నవాళ్లం మనం. తకాగి తోషిమిత్సు తయారు చేసిన ‘క్రిమ్సన్ రూమ్’ 2004లో వచ్చింది. తాళం వేసిన ఎర్రని గదిలో కళ్లు తెరిచి, మంచం కింద, సొరుగుల్లో, తెరల వెనుక క్లిక్ చేస్తూ బయటపడాలి. అది కూడా పాయింట్ అండ్ క్లిక్ ఆటే. కట్టిన గంట పూర్తయ్యేలోపు ముగించాలి కనుక పొట్టి ఆటలే మాకు సరిపోయేవి. ఆ ఆటలు ఏ సంప్రదాయానికి చెందినవో అప్పట్లో మాకు తెలియదు.

2020 డిసెంబర్ 31తో ఫ్లాష్‌కు అడోబీ మద్దతు ముగిసినప్పుడు అవన్నీ పోయాయని బాధపడ్డాను. ఇప్పుడు ఫ్లాష్‌కు బదులుగా ఆ ఆటలను నడిపే రఫుల్ అనే ఎమ్యులేటర్ వల్ల చాలా వరకు మళ్లీ బ్రౌజర్‌లోనే ఆడుకోవచ్చు. అదే ధోరణిలో నెదర్లాండ్స్‌కు చెందిన రస్టీ లేక్ బృందం 2015 నుంచి ‘క్యూబ్ ఎస్కేప్’ అనే ఆటలను ఒకదాని తర్వాత ఒకటిగా విడుదల చేసింది. ఒక్కొక్కటీ చాలా చిన్నది, చాలావరకు ఉచితం, ఫోన్‌లోనూ నడుస్తాయి. విడివిడిగా చిన్నవైనా అన్నిటినీ కలిపి చూస్తే ఒక పెద్ద, కలవరపెట్టే కథ బయటపడుతుంది. పొట్టి ఆటలో లోతు ఉండదనుకునేవారు వీటిని వరుసగా ఆడి చూడాలని కోరుతున్నాను.

బడిపంతులు రాశారు:

నేను ఉన్నత పాఠశాలలో పనిచేస్తున్నాను. మా కంప్యూటర్ గదిలో ‘సామరోస్ట్’ ఆడించాను. చెక్ దేశానికి చెందిన యాకుబ్ ద్వోర్‌స్కీ 2003లో విద్యార్థిగా ఉండగా తయారు చేసిన ఆట ఇది. తెల్లని దుస్తుల్లో ఉన్న ఒక చిన్న మనిషి, తన గ్రహాన్ని ఢీకొనబోతున్న మరో గ్రహశకలాన్ని తప్పించాలి. ఆటలో మాటలు లేవు. నాచు, చెట్ల వేళ్లు, ఎండిన కొమ్మలు మొదలైనవాటి ఫొటోలతో కట్టిన లోకం అది. ఒక్కో కంప్యూటర్ ముందు ముగ్గురేసి పిల్లలు కూర్చున్నారు. మౌస్ పట్టుకున్న పిల్ల కన్నా పక్కన కూర్చున్న ఇద్దరు ఎక్కువ మాట్లాడారు. ఒక పీరియడ్‌లో ఆట ముగిసింది, మరుసటి పీరియడ్‌లో జరిగిన కథను వాళ్ల సొంత మాటల్లో రాయించాను. వేగంగా వేళ్లు ఆడించాల్సిన ఆటల్లో అలవాటు ఉన్నవాళ్లే గెలుస్తారు, మిగిలినవాళ్లు చూస్తూ ఉండిపోతారు. ఈ ఆటలో ఎవరినీ తొందరపెట్టేది లేదు. ఆగి ఆలోచించే పిల్లలకు దక్కిన గౌరవం నాకు చాలా సంతోషం కలిగించింది.

నా కొరత ఒకటి. మాటలు లేని ఆటలు అయిపోయిన తర్వాత ఏం ఆడించాలి? ‘ద షివా’ వంటి ఆటల్లో కథంతా ఇంగ్లీషు సంభాషణల్లోనే ఉంది. రెండు గంటల ఆటను తెలుగులో తయారు చేయడం అంత కష్టమా?

రాత్రిపని రాశారు:

బడిపంతులు గారి ప్రశ్నకు జవాబిచ్చే ప్రయత్నం చేస్తాను. ఉద్యోగం ముగిశాక రాత్రుళ్లు ఇలాంటి ఆట ఒకటి తయారు చేస్తున్నాను.

ముందుగా, పొట్టి ఆటలు ఇన్ని ఎందుకు వస్తున్నాయంటే, ఒక్క మనిషి పూర్తి చేయగలిగిన కొలత అదే. క్రిస్ జోన్స్ అనే బ్రిటిష్ ప్రోగ్రామర్ 1990ల చివర్లో అడ్వెంచర్ గేమ్ స్టూడియో అనే ఆటల తయారీ ప్రోగ్రామ్‌ను ఉచితంగా అందుబాటులోకి తెచ్చారు. నడిచే నేల ఎంతవరకు, ఏ స్తంభం వెనుక మనిషి దాగాలి, ఏది హాట్‌స్పాట్ అనేవి అందులో బొమ్మ మీదే రంగు పూసి సూచించవచ్చు. ‘ద షివా’ కూడా అందులో తయారైనదే. దాని చుట్టూ ఏర్పడిన బృందం నెలకో పోటీ నిర్వహిస్తుంది. ఇంత సౌకర్యం ఉన్నా, ఒక పాత్ర నడవడానికే ముందు, వెనుక, పక్క దిశల్లో ఎనిమిదేసి చొప్పున 24 బొమ్మలు గీయాలి, రెండో పక్కకు అద్దంలోలా తిప్పుకోవచ్చు. వంగడం, ఎత్తడం, మాట్లాడటం వీటికి అదనం. అందుకే మూడు గదులు, ఇద్దరు మనుషులు అన్న హద్దు పెట్టుకున్నాను. హద్దు పెట్టుకున్న తర్వాతే కథ బాగుపడింది. పనికిరాని ప్రతి పాత్రా తనంతట తానే బయటకు వెళ్లింది.

తెలుగు విషయంలో అసలు చిక్కు తెర ఎత్తు. ఇంగ్లీషు అక్షరాన్ని ఎనిమిది చుక్కల ఎత్తులో చదవగలిగేలా గీయవచ్చు. మనకు పైన గుడి, ఏత్వం, కింద వత్తు, ఒక్కోసారి వత్తు కింద మరో వత్తు. ‘స్త్రీ’ వంటి అక్షరాన్ని ఎనిమిది చుక్కల్లో ఇరికిస్తే గుర్తుపట్టలేం. రెట్టింపు ఎత్తు ఇస్తే 200 చుక్కల తెర మీద రెండు వాక్యాలకే బొమ్మలో పెద్ద భాగం మూసుకుపోతుంది. పైగా అక్షరాలను సరిగ్గా కూర్చే పని ఆట నడిపే ఇంజిన్ చేయాలి, లేకపోతే వత్తులు విడివిడిగా పడతాయి. నేను ఎంచుకున్న మార్గం ఇది: బొమ్మలను 320 × 180లో గీస్తున్నాను. దాన్ని సరిగ్గా ఆరు రెట్లు చేస్తే 1920 × 1080 అవుతుంది, చుక్కలు చెదరవు. అక్షరాలను మాత్రం ఆ చిన్న తెర మీద కాక, పెద్ద తెర మీదే విడి పొరగా మామూలు ఫాంటుతో చూపిస్తున్నాను. ఇందుకోసం గోడో 4 ఇంజిన్ వాడుతున్నాను, అది తెలుగు వత్తులను సరిగ్గా కూరుస్తుంది. పాయింట్ అండ్ క్లిక్ ఆటల కోసం దానికి పోపోచియు అనే ఉచిత అనుబంధం కూడా ఉంది.

రంగులపలక రాశారు:

ముతక చుక్కల బొమ్మ మీద నున్నని అక్షరం కంటికి పొసగదు. వీలైతే కనీసం 24 చుక్కల ఎత్తులో ఒక తెలుగు పిక్సెల్ ఫాంటు గీద్దాం, అక్షరాల పనిలో నేను సాయం చేస్తాను. తెర తక్కువైతే వాక్యాలను పొట్టిగా రాయించండి.

నేరుమాట రాశారు:

మూడోగది గారి లెక్క బాగుంది, దాని బలం ఒప్పుకుంటున్నాను. అయినా అవకాశాలు 66కు తగ్గినంత మాత్రాన అర్థం లేని పజిల్ అర్థవంతం కాదు, త్వరగా ముగుస్తుంది, అంతే. ‘లూమ్’లో తిరగేసిన మంత్రం గొప్పగా ఉండటానికి కారణం దాని వెనుక ఒక నియమం ఉండటం, ఆ నియమాన్ని ఆట ముందే నిజాయితీగా చూపించడం. పొడుగైనా పొట్టైనా ఆ నిజాయితీనే నేను అడుగుతున్నాను. రాత్రిపని గారు తమ ఆటలో మౌస్ పెట్టగానే వస్తువు పేరు కనబడేలా చేయాలనీ, క్లిక్ చేయదగిన చోట్లన్నిటినీ ఒక్క మీటతో చూపించే సౌకర్యం పెట్టాలనీ నా విన్నపం. చూపు మందగించిన పెద్దవాళ్లు కూడా ఆడగలగాలి.

ధర గురించి నా అభ్యంతరం అలాగే ఉంది. దానికి ఇంకొక పార్శ్వం కూడా కనిపిస్తున్నది. ఆటలు అమ్మే స్టీమ్ అనే ఆన్‌లైన్ దుకాణంలో కొన్న 14 రోజుల్లోపు, రెండు గంటల కన్నా తక్కువ ఆడిన ఆటకు డబ్బు వాపసు అడగవచ్చు. రెండు గంటల్లోపు ముగిసే ఆటను పూర్తిగా ఆడి, డబ్బు వెనక్కి తీసుకోవడానికి ఆ నియమం అడ్డు చెప్పదు. కొనేవారి వైపు నుంచి ప్రశ్న అడిగిన నేనే, ఈ విషయంలో చేసేవారి పక్షాన నిలబడతాను.

పాతమౌస్ రాశారు:

ఇంత శ్రద్ధగా స్పందించినందుకు అందరికీ కృతజ్ఞతలు. సెంటర్‌కుర్రాడు గారు గుర్తుచేసిన ఫ్లాష్ ఆటల సంగతి నన్ను చాలా ఆలోచింపజేసింది. అయినా అక్కడ కూడా మనల్ని పట్టి ఉంచింది పాత కాలం కాదు, తలలో ఇమిడిపోయే ఆ ఒక్క గదే. నేను వెతుకుతున్న జవాబుకు మూడోగది గారి మాట అందరికన్నా దగ్గరగా వచ్చింది.

ధర విషయమై నేరుమాట గారికి, కొత్తగా మొదలుపెట్టేవారికి ఒక సూచన. ఉచితంగా, న్యాయబద్ధంగా దొరికేవి చాలా ఉన్నాయి. బెన్ క్రోషా 2003లో అడ్వెంచర్ గేమ్ స్టూడియోతో తయారు చేసిన ‘5 డేస్ ఎ స్ట్రేంజర్’ ఒక పాత భవంతిలో చిక్కుకున్న దొంగ కథ, మంచి భయానక వాతావరణం ఉంది. పిల్లలకు తగదు. రెవల్యూషన్ సంస్థ 1994లో తెచ్చిన ‘బినీత్ ఎ స్టీల్ స్కై’ని 2003లో ఉచితం చేశారు. పాత ఆటలను నడిపే స్కమ్‌వీఎం అనే ప్రోగ్రామ్ ద్వారా ఫోన్‌లో కూడా ఆడవచ్చు. ఇది పొట్టి ఆట కాదు, అక్కడక్కడా చావులు కూడా ఉన్నాయి కనుక తరచుగా సేవ్ చేసుకోవాలి. మౌస్ ఎడమ మీట చూడటానికి, కుడి మీట వాడటానికి అన్న దాని సులువైన పద్ధతి మాత్రం కొత్తవారికి బాగా నప్పుతుంది.

బడిపంతులు రాశారు:

రాత్రిపని గారూ, రంగులపలక గారూ, మీరిద్దరూ కలిసి పని చేస్తామంటే సంభాషణలు సరిచూసే బాధ్యత నాకు ఇవ్వండి. ఎనిమిదో తరగతి పిల్లలు తడబడకుండా చదవగలిగే వాక్యం ఎంత పొడుగు ఉండాలో తరగతిలో చదివించి చెబుతాను. ఒక్క మనవి, పాత్రలు మన పిల్లలు ఇంట్లో మాట్లాడే తెలుగులోనే మాట్లాడాలి.

రాత్రిపని రాశారు:

తప్పకుండా, మాస్టారూ. మొదటి గది సంభాషణలు దాదాపు 90 వాక్యాలు ఉన్నాయి, ఈ వారాంతంలో ఇక్కడే పెడతాను. నేరుమాట గారు అడిగిన రెండు సౌకర్యాలూ చేరుస్తున్నాను. పజిళ్లలో ఏది దేని మీద ఆధారపడిందో చూపే పటం కూడా జత చేస్తాను. కథ ముందే తెలియకూడదనుకునేవారు ఆ పటాన్ని తెరవవద్దు. మూడోగది గారు మాత్రం తప్పక చూసి, తాళం కన్నా ముందు తాళంచెవి ఎక్కడైనా దొరుకుతున్నదేమో చెప్పాలి.